సోమవారం రంగు

పోయిన వారం మనం కణాలమ్మని ప్రయోగశాల మధ్యలో, రెండు చేతుల్లో రెండు గిన్నెలతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. గిన్నెలంటే వంటింటి గిన్నెలు కావు. అరచేతిలో ఇమిడే పల్చటి ప్లాస్టిక్ గిన్నెలు, పైన మూత. అడుగున కంటికి ఆనని క్యాన్సర్ కణాలు అంటిపెట్టుకుని బతుకుతుంటాయి. పైన పోసే మీడియం అనే గులాబీ రంగు ద్రవమే వాటికి తిండీ, నీళ్ళూ. రెండు గిన్నెల్లోనూ ఉన్నవి ఒకే కణితి నుంచి వచ్చిన కణాలు, ఒకే రోజు వేసినవి. ఒకదానికి ఆమె వేళకి మీడియం మార్చింది. రెండోదాన్ని పట్టించుకోకుండా వదిలేసింది. మార్చినది గులాబీ రంగులోనే ఉంది. మార్చనిది పులిసిపోయి పసుపుపచ్చగా తిరిగింది. తేడా అంతటితో ఆగితే మనకి ఈ కథే లేదు. పసుపు గిన్నెలోని కణాల్లో ఒక జన్యువు మేలుకుని ఉంది, గులాబీ గిన్నెలో గుర్రుపెట్టి నిద్రపోతోంది.

ఆ జన్యువుకి అక్కడి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు నిద్రమొహం. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో అది లేవనే లేవదు. క్యాన్సర్ కణాల్లో మాత్రం మేలుకుని ఉంటుందని వీళ్ళు లోకమంతా చాటారు. మేలుకున్న నిద్రమొహాన్ని ఆనవాలుగా పట్టుకుని, ఆ కణాన్ని మాత్రమే చంపే మందు కూడా తయారైంది. దాన్ని మొట్టమొదట మనిషి ఒంట్లోకి ఎక్కించేది రేపు ఉదయం. ఎక్కించుకోబోయే మొదటి మనిషి కణాలమ్మ వదిన.

పేరుకే వదిన. తల్లి పోయిన ఇంట్లోకి కోడలిగా వచ్చి, ఆడపడుచుకి జడ వేసి బడికి పంపిన మనిషి. ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పింది. ఒంట్లో కణితి ఉందని తెలిసిన రోజున కూడా, పొద్దున రావాల్సిన విద్యార్థికి ఫోన్ చేసి, మధ్యాహ్నం రమ్మందే తప్ప పాఠం మానలేదు. ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మిగిలినదానికి పాత మందు వెంటనే మొదలుపెడదామన్నారు డాక్టరమ్మ. "మా అమ్మడు ఏమంటే అదే" అంది వదిన. ఆ అమ్మడే మన కణాలమ్మ. "ఆగు వదినా, కొత్త మందు వచ్చేస్తోంది. అది నీ కణితి కోసమే పుట్టినట్టుంది. ఖాయం" అని చెప్పింది. వదిన ఆగింది. కణితి ఆగలేదు.

ఇప్పుడా 'ఖాయం' అన్న మాట కణాలమ్మ గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

ఆమె చూస్తున్నది పసుపు గిన్నెకేసి. ఆ రంగు ఆమెకి కొత్తా? ప్రయోగశాలలో దానికి 'సోమవారం రంగు' అని పేరు కూడా ఉంది. వారం వారం సోమవారం పొద్దున మీటింగు. ప్రయోగశాలని నడిపే పెద్దాయన ముందు కొత్త ఫలితం పెట్టాలి. అందుకని శుక్రవారం మధ్యాహ్నం కణాలకి మీడియం పోసి, ఇంక్యుబేటర్ తలుపు మూసి ఇళ్ళకి పోతారు. శని, ఆదివారాలు కణాలు ఆ వెచ్చటి పెట్టెలో తింటూ, పెరుగుతూ, కిక్కిరిసిపోతాయి. సోమవారం మీటింగుకి ముందే వాటిని తీసి పరీక్షకి పెడతారు. అప్పటికి గిన్నెలన్నీ పసుపు రంగే. "సోమవారం మొహాలు మనకి మాత్రమే కాదు, వీటికీ ఉన్నాయి" అని నవ్వుకునేవాళ్ళు. ఎవరూ దాని గురించి ఇంకో ఆలోచన చేయలేదు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

మరి ఆరోగ్యంగా ఉన్న కణాలో? వాటి గిన్నెలు సోమవారం కూడా గులాబీ రంగులోనే ఉండేవి. అవి మహా సుకుమారం. ఒక్కపూట మేత తప్పితే ముడుచుకుపోతాయి. వాటి కోసం ప్రతి ఆదివారం ఒకరు వచ్చి మీడియం మార్చేవాళ్ళు. ఎండయినా, వానయినా, ఇంట్లో చుట్టాలున్నా వచ్చేవాళ్ళు. ఆ వచ్చినావిడకే తోటివాళ్ళు కణాలమ్మ అని పేరు పెట్టారు.

కణాలమ్మ గిన్నెలు రెండూ బల్లమీద పెట్టేసింది. ఇన్నేళ్ళుగా వాళ్ళు పోల్చి చూసింది జబ్బు కణాన్నీ, మంచి కణాన్నీ కాదు. పస్తులున్న కణాన్నీ, కడుపు నిండిన కణాన్నీ. ఒకే ఇంట్లో ఒక బిడ్డకి అన్నం పెట్టి, ఒక బిడ్డని మాడ్చి, మాడినవాడు ఏడుస్తుంటే వీడి బుద్ధే అంత అన్నట్టుంది. పెట్టిందీ, మాడ్చిందీ ఈ రెండు చేతులే.

ఆ చేతుల్నే కడుక్కుని, తుడుచుకుని, పెద్దాయన గదికి వెళ్ళింది.

గది తలుపు వెనక కొక్కేనికి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది. రేపు ఆసుపత్రికి వేసుకెళ్ళడానికి. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయన కోపిష్ఠి కాదు, దుర్మార్గుడు అంతకన్నా కాదు. దుర్మార్గుడై ఉంటే కణాలమ్మ పని సుళువయ్యేది.

"సార్, మన క్యాన్సర్ కణాలన్నీ సోమవారం కణాలే" అంది.

"అంటే ఏంటమ్మా?"

చెప్పింది. రెండు గిన్నెల సంగతి చెప్పింది, ఆదివారాల సంగతి చెప్పింది. వేరే ప్రయోగశాల వాళ్ళు మీ ఫలితం మాకు రావడం లేదని రాస్తే, వాళ్ళకి చేతకాలేదని వీళ్ళంతా నవ్వుకున్న విషయం గుర్తు చేసింది. "వాళ్ళ దగ్గర రోజూ మీడియం మార్చే మిషన్ ఉందట సార్. సోమరిపోతులు అనుకున్నాం. వాళ్ళ కణాలు ఒక్కరోజు కూడా పస్తులు లేవు. అందుకే నిద్రమొహం లేవలేదు."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకోలేదు. తుడవడం మానేసి చేతిలో పట్టుకున్నాడు. "కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"కణితి లోపల ఎలా ఉంటుందనుకుంటున్నావు? విందు భోజనమా? నడిమధ్యకి నెత్తురు అందదు. గాలి ఆడదు. చెత్త బయటికి పోయే దారి ఉండదు. నీ పసుపు గిన్నె కంటే అధ్వాన్నం. రోజూ చక్కెర పోసి పెంచుతున్నామే, ఆ గులాబీ గిన్నే అబద్ధం చెబుతోందేమో. పస్తులున్న గిన్నే నిజం చెబుతోందేమో. ఆ సంగతి ఆలోచించావా?"

ఆలోచించలేదు. కణాలమ్మకి ఒక్క నిమిషం ఊపిరాడినట్టయింది. పెద్దాయన మాటలో నిజం ఉంది. ఒంట్లో కణం ప్లాస్టిక్ మీద పడుకోదు, గులాబీ నీళ్ళు తాగదు. ఏ గిన్నె మాత్రం శరీరం?

"ఏమో అంటున్నారు సార్ మీరు."

"ఏమో అనే అంటున్నాను."

"ఏమో అని మందు ఎక్కిస్తామా?"

"మొదటిసారి ఎక్కే మందు ఏదైనా ఏమో అనే ఎక్కుతుందమ్మా. లేకపోతే పరీక్ష ఎందుకు?"

"కానీ మనం ఏమో అని చెప్పలేదు కదా సార్. తేలిపోయింది అని చెప్పాం. నేను మా వదినకి ఖాయం అని చెప్పాను."

కణాలమ్మ మనసులో ఇంకో ప్రశ్న అప్పటికే తల ఎత్తింది. అడగకుండా ఉంటే బాగుండునని తనకే అనిపించింది. అడుసు తొక్కాక కాలు కడుక్కోకుండా ఎక్కడికి పోతాం?

"నిద్రమొహం మేలుకున్న వాళ్ళనే కదా మందుకి తీసుకున్నాం. రోగుల కణితి ముక్కలు మన దగ్గరికే వచ్చాయి. పేర్లు లేకుండా. మనమే గిన్నెల్లో పెంచి చూశాం. మా వదినది ఎవరు వేశారు సార్?"

ఆయన ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు. తర్వాత ఆమెకేసి చూశాడు.

"నువ్వే" అన్నాడు. "పేరు నీకు చెప్పకూడదు, అందుకని చెప్పలేదు. మీ వదిన ముక్కని నీకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు అనుకుని నీ బల్లమీద పెట్టించాను. ఆపరేషన్ గురువారం కదా. ముక్క శుక్రవారం వచ్చింది."

శుక్రవారం. కణాలమ్మకి ఆ గిన్నె గుర్తుంది. ఆ ఆదివారం వానలో తడుస్తూ వచ్చింది. మంచి కణాలన్నిటికీ మీడియం మార్చింది. కింది అరలో ఈ కొత్త గిన్నె అప్పుడే పసుపు తిరగడం మొదలుపెట్టింది. చేతిలో మీడియం సీసా ఉంది, అందులో ఇంకా మిగిలి ఉంది. పోయాలనిపించింది కూడా. 'మొండిఘటం, రేపటిదాకా ఆగుతుందిలే' అనుకుని తలుపు మూసింది. ఎవర్ని ఆగమందో ఇప్పుడు తెలిసింది.

ఏడుపు వచ్చింది గానీ, పెద్దాయన ముందు ఏడవడం ఇష్టం లేక పళ్ళు బిగించింది.

"ఒక దారి ఉంది" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఆపరేషన్ అయిన క్షణంలోనే కొంచెం ముక్క గడ్డకట్టించి ఆసుపత్రిలో దాస్తారు. గిన్నె మొహం చూడని ముక్క. ఒంట్లో ఎలా ఉందో అలాగే ఆగిపోయి ఉంటుంది. అందులో నిద్రమొహం మేలుకుని ఉంటే సరే. లేకపోతే ఆసుపత్రికి నేనే ఫోన్ చేసి ఆపిస్తాను."

"ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకు చూడలేదు సార్?"

"పిసరంత ముక్క. ఒక్కసారి చూస్తే అయిపోతుంది. గిన్నెలు ఉండగా దాన్ని ఎందుకు పోగొట్టుకోవడం అనుకున్నాం." ఆ మాట అనేటప్పుడు పెద్దాయనకి కూడా సిగ్గేసింది. "తీయాలంటే మీ వదిన ఒప్పుకోవాలి. నువ్వే వెళ్ళి అడుగు. రేపు పొద్దునకల్లా ఫలితం రావాలంటే ఇప్పుడే వెళ్ళాలి."

డ్రైవింగ్ స్కూలు అంటే ఒక రేకుల షెడ్డు, ఒక ఖాళీ స్థలం, దాన్నిండా సున్నంతో గీసిన గీతలు. వదిన కారు పక్కన నిలబడి, అప్పుడే పాఠం అయిన పెద్దమనిషిని పంపిస్తోంది. ప్యాంటు బెల్టు చివరి రంధ్రం దాకా బిగించి ఉంది. పోయిన వారం కంటే మెడ సన్నబడింది. డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, బాగా తినాలి, ఇంకా బరువు తగ్గితే మందు ఇవ్వడం కుదరదని. కణాలమ్మ దారిలో అరటిపళ్ళు కొని తెచ్చింది. చేతులు ఊపుకుంటూ వెళ్ళడానికి మొహం చెల్లక.

"ఏమే, పగటిపూట ఇలా వచ్చావు? నీ పిల్లలకి సెలవిచ్చావా?" అంది వదిన. కణాల్ని ఆవిడ అలాగే అంటుంది. "ఎక్కు. స్టీరింగు పట్టుకో. గిన్నెలో పిల్లల్ని పెంచడం వచ్చు గానీ గేరు మార్చడం రాదు మహాతల్లికి."

"వదినా, ఒక మాట చెప్పాలి."

"నడుపుతూ చెప్పు. నిలబడి చెప్పే మాటలు నాకు భయం."

కణాలమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. వదిన పక్క సీట్లో కూర్చుంది. ఆ కారుకి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళ కోసం. కారు కుంటుకుంటూ కదిలింది. సున్నపు గీతల మీద నత్తనడక నడుస్తూ, రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకుని, కణాలమ్మ అన్నీ చెప్పేసింది. సోమవారం మీటింగు, ఆదివారపు మేత, నిద్రమొహం, పసుపు రంగు, శుక్రవారం వచ్చిన ముక్క. వదిన మధ్యలో ఒక్కసారి మాత్రం "క్లచ్చు మీద కాలు తియ్యి" అంది.

అంతా అయ్యాక, "అంటే నాకు పెట్టిన పరీక్ష, మాడిన గిన్నెకి పెట్టారన్నమాట" అంది.

"అవును."

"పెట్టింది నువ్వు."

"అవును వదినా."

వదిన తన కాలి కింద బ్రేకు నొక్కింది. కారు ఆగింది. "ఇంజను ఆపు, పెట్రోలు దండగ" అంది. కణాలమ్మ ఆపింది. ఆపాక ఇంక చేతులకి పని లేకపోయింది. అప్పుడు ఏడ్చింది. బడిలో పలక పగిలితే ఏడ్చినట్టు, ముక్కు తుడుచుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చింది. "నేను ఆగమనకపోతే పాత మందు ఎప్పుడో మొదలయ్యేది. నేనే ఆపాను. చేతులారా ఆపాను."

వదిన కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత చేతిరుమాలు ఇచ్చింది.

"నేర్చుకునేవాళ్ళు గుద్దితే తప్పు వాళ్ళది కాదే. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళది. నువ్వు ఆగమన్నావు, నా కాలి కింద కూడా బ్రేకు ఉంది కదా, ఆగింది నేను. సరే, ఇప్పుడేం చెయ్యాలి?"

గడ్డకట్టిన ముక్క గురించి చెప్పింది. వదిన అక్కడే, కారు బానెట్ మీద అనుమతి కాగితం పెట్టి సంతకం చేసింది. చేస్తూ చేస్తూ, కూరగాయల సంగతి అడిగినంత తేలిగ్గా అడిగింది.

"ఇంతకీ అది ఆకలేస్తే లేస్తుందా?"

"ఏది?"

"మీ నిద్రమొహం."

"లేస్తుంది. గిన్నెలో."

"లేస్తే మందుకి దొరుకుతుంది."

"గిన్నెలో దొరుకుతుంది వదినా."

"ఊఁ" అంది వదిన. కణాలమ్మ అరటిపళ్ళు చేతికిచ్చి ఒకటి తినమంది. వదిన వాటిని తీసుకెళ్ళి వెనక సీట్లో పెట్టింది. "తర్వాత తింటాలే, ముందు నీ పని చూసుకో" అంది. కణాలమ్మ హడావిడిలో ఉంది. వదిన ఏ ప్రశ్నా ఊరికే అడగదన్న సంగతి జడలు వేయించుకున్న నాటి నుంచీ తెలిసిన మనిషే, ఆ పూటకి మర్చిపోయింది.

దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రి నుంచి ముక్క వచ్చింది. పొగలు కక్కే చలి డబ్బాలో, బియ్యపు గింజంత. కణాలమ్మ దాన్ని నూరుతుంటే పెద్దాయన వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళలేదు. చొక్కా సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నూరినదాన్ని ద్రావకంలో కలిపి, చిన్న గొట్టంలోకి తీసి, మిషన్‌లో పెట్టబోతుండగా ఫోన్ మోగింది. అన్నయ్య.

అన్నయ్య నోరు విప్పితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టుండే మనిషి. తనంతట తను ఫోన్ చేయడమే అరుదు.

"మీ వదిన అన్నం ముట్టనంటోందే" అన్నాడు. "మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళే. రేపు మందు ఎక్కేదాకా ఏమీ తినదట. పస్తుంటే జబ్బు నిద్రలేస్తుందట, లేస్తే మందుకి దొరుకుతుందట. నువ్వు చెప్పావంటోంది. నువ్వు చెప్పావా?"

"నేను అలా చెప్పలేదు అన్నయ్యా."

"మరి ఎలా చెప్పావు?"

చేతిలో గొట్టం చల్లగా ఉంది. అవతల ఏదో గిన్నె జరిగిన చప్పుడు, తర్వాత వదిన గొంతు దగ్గరగా వచ్చింది.

"అమ్మడూ, మీ అన్నయ్య గోల పడలేకపోతున్నాను. కంచంలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పి పెట్టెయ్యి."

"తిను వదినా. తినకపోతే ఒంట్లో సత్తువ ఉండదు. బరువు తగ్గితే రేపు అసలు మందే ఇవ్వరు. డాక్టరమ్మ చెప్పింది కదా."

"డాక్టరమ్మ సంగతి నాకు తెలుసు. నిన్ను అడుగుతున్నా. నేను తినకపోతే నా ఒంట్లో అది లేస్తుందా, లేవదా?"

పస్తుంటే మాడేది నువ్వే వదినా, అది కాదు, నీ వాటా కూడా అదే లాక్కుంటుంది, అని చెబుదామనుకుంది. అది నిజమేనని ఆమెకి అనిపిస్తోంది. అనిపించడం తప్ప, చూసిందా? గిన్నెల్లో తప్ప ఆమె ఎక్కడ చూసింది గనుక? పక్కనున్న పెద్దాయన వైపు తిరిగింది. అంతా విన్నాడాయన. కళ్ళజోడు తీసి, తుడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేవదు అనుకుంటున్నాను" అంది కణాలమ్మ.

"అనుకోవడం వద్దే" అంది వదిన. కోపంగా కాదు, చిన్నప్పుడు జడ వేస్తూ తల నిటారుగా పెట్టమన్నప్పటి గొంతుతో. "అప్పుడు చెప్పావు చూడు, ఖాయం అని. అలా చెప్పు, తినేస్తాను."